లారీ తీసే ముందు స్పీడ్ విషయంలో చూసుకోవాల్సినవి

- బోర్డు మీది అంకె కార్లకా, లారీలకా? చాలాచోట్ల లారీల పరిమితి తక్కువ.

- లోడు ఎంతుందో అడిగి తెలుసుకోండి, బరువు బండిని ఆపడం కష్టం. వేగం ఉంటే ఇంకా కష్టం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి చేరేలోపే అంత దూరం అయిపోతుంది! వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లు.

- స్పీడ్ గవర్నర్ (వేగం హద్దు దాటకుండా చూసే పరికరం) ఉందని ధీమా వద్దు. అది ఇంజిన్‌నే అదుపు చేస్తుంది, పల్లంలో బరువు తోస్తే ఏమీ చేయలేదు. ఘాట్ దిగకముందే చిన్న గేర్‌లోకి రండి. దారంతా బ్రేకు తొక్కుతూ ఉంటే డ్రమ్ములు వేడెక్కి, కాల్చిన వాసన వస్తుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టదు.

- సగం నిండిన ట్యాంకరైతే లోపలి సరుకు ఊగుతుంది, మలుపుల్లో మరీ నెమ్మది.

- వానలో బోర్డు మీది వేగం కూడా ఎక్కువే.

- టైమ్ టెన్షనా? ఆలస్యమవుతుందని బయల్దేరే ముందే ఫోన్ చేసి చెప్పేయండి.