రెడీమేడ్ డెస్క్‌టాప్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు – 3వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ చీటీ చదవడం

గత పాఠంలో కార్డు పొడవును, క్యాబినెట్‌లో దానికి దొరికే చోటును కొలిచాము. చోటు కుదిరింది కనుక ఇక ఆ కార్డుకు కావలసిన కరెంటు మన పెట్టెలో ఉందో లేదో లెక్క కట్టాలి.

మదర్‌బోర్డు మీది పొడవాటి స్లాటు కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటరు భాగాలకు అందించే డబ్బా) నుంచి విడిగా వైరు రావాలి. 6 పిన్నుల వైరు 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించినవి. ఆఫీసు పనికి తయారైన డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఈ వైరు అసలు ఉండదు.

ఇప్పుడు ప్లగ్గు పీకి, పక్క తలుపు విప్పి, ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన చీటీని చూడండి. పెద్ద అంకెల్లో కనిపించే మొత్తం వాట్లను చూసి మురిసిపోవద్దు. కార్డు, ప్రాసెసర్ దాదాపు తమ కరెంటంతా 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి కనుక, ఆ గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో అదే మనకు అసలు లెక్క. అక్కడ 18 అని ఉందనుకుందాం: 12ను 18తో హెచ్చిస్తే 216 వాట్లు. ప్రాసెసర్ కోర్ ఐ5 12400 అయితే, అది 65 వాట్లదని చెప్పుకున్నా, జోరు మీదున్నప్పుడు 117 దాకా లాగుతుంది. దానికి ఆర్‌టీఎక్స్ 3060 కార్డు లాగే 170 కలిపితే 287, కుదరదు. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డయితే 187 దగ్గర ఆగుతుంది, మిగిలిన 29 వాట్లలో ఫ్యాన్లు, డిస్కులు సర్దుకోవాలి. ఇరుకే గాని, నడుస్తుంది.

వైరు లేదన్నప్పుడు చాలామంది డిస్కులకు కరెంటిచ్చే శాటా ప్లగ్గును 8 పిన్నులుగా మార్చే చిన్న అడాప్టరు తెచ్చి తగిలిస్తారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక విద్యార్థి నాకు అలాంటి ప్లగ్గునే చూపించాడు: నల్లటి ప్లాస్టిక్ బెల్లం పాకంలా కారి, పిన్నుల చుట్టూ గట్టిపడి, పట్టుకారుతో లాగినా ఊడలేదు. శాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడే, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్లు మోస్తుంది. అంటే మొత్తం 54 వాట్లు. దాని మీద 150 వాట్ల బరువు పెడితే కరగక ఏం చేస్తుంది?

అందువల్ల 3060 కావాలనుకునేవారు తయారీదారు సూచించే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కే సిద్ధపడాలి. బెజవాడ మే నెల ఎండల్లో తలుపులు మూసిన గదిలో ఆడుకునేవారు ఇంకో మెట్టు పైకి వెళ్లినా నేను వద్దనను. అయితే కొనేముందు మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద ప్లగ్గులో రంధ్రాలు లెక్కపెట్టండి. 24 ఉంటే బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు మీ బోర్డులో పడుతుంది. 6 గాని 10 గాని ఉంటే అది ఆ కంపెనీ సొంత అమరిక, మామూలు ప్లగ్గు నేరుగా ఆ బోర్డులో పట్టదు.

చీటీలోని 12 వోల్టుల ఆంపియర్లు, రంధ్రాల సంఖ్య, ఎస్‌ఎంపీఎస్ పొడవు, వెడల్పు, ఎత్తు నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో పాతదాన్ని విప్పేటప్పుడు ఆ కాగితం మీ పక్కనే ఉండాలి.