పోర్ట్రెయిట్‌లో పోలిక రాలేదా? కళ్లు చెరిపే ముందు స్కేలు తీయండి

సమస్య: షేడింగ్ బాగానే కుదిరింది, కానీ మనిషి పోలిక లేదు. నలుగురికి చూపిస్తే ఒకరు కళ్లు తేడాగా ఉన్నాయంటారు, ఇంకొకరు నుదురు పెద్దదైందంటారు, మిగతావాళ్లు "సూపర్ అన్నా" అని వెళ్లిపోతారు. కన్ను చెరిపి మళ్లీ వేస్తే ముక్కు ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ముక్కు దిద్దితే పెదాలు.

ముందు చేయాల్సింది, ఎవరూ చేయనిది: కొలత. రిఫరెన్స్ ఫొటోలో (మీరు చూసి గీస్తున్న ఫొటోలో) నడినెత్తి నుంచి గడ్డం దాకా పొడవు, చెంపల దగ్గర వెడల్పు కొలవండి. ఫొటోలో 6 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు ఉంటే, బొమ్మలో 11 సెం.మీ. వెడల్పుకి పొడవు 16.5 రావాలి. 18 వచ్చిందా? కళ్లు దిద్దీ లాభం లేదు, తల మొత్తం సాగింది.

కారణం: కాగితాన్ని బల్ల మీద పరిచి గీయడం. కూర్చుని ఏటవాలుగా చూస్తే కాగితం నిలువు కొలత కురచగా కనిపిస్తుంది, పైఅంచు వైపు మరీ ఎక్కువ. కంటికి సరిగ్గా అనిపించేదాకా చెయ్యి దాన్ని సాగదీస్తూ పోతుంది. అందుకే పై ఉదాహరణలో కనుబొమల పైన 6.6 ఉండాల్సింది 7.7 అవుతుంది, కింద 9.9 ఉండాల్సింది 10.3 మాత్రమే. నుదురు పెద్దదైందన్న మాట నిజమే. కానీ జుట్టు ఒక్కటే కిందకి దించితే కింది సాగుడు అలాగే ఉంటుంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. అదే కుర్చీలోంచి ఫోన్‌తో ఫొటో తీసి పంపితే, ఫోన్ కూడా అదే ఏటవాలు నుంచి చూస్తుంది కాబట్టి సాగుడు చాలావరకు కనిపించదు. అది చూసి సలహా ఇచ్చేవాళ్లకి అసలు తప్పు దొరకదు, కళ్ల మీదా పెదాల మీదా పడతారు. అలాంటి సలహా విని బొమ్మ దిద్దితే ఇంకా చెడుతుంది.

సలహా ఇచ్చేవాళ్లు బొమ్మ కన్నా ముందు కాగితం అంచులు చూడాలి. ఫొటోలో పైఅంచు కింది అంచు కన్నా పొట్టిగా ఉంటే, కాగితాన్ని గోడకి ఆనించి నిటారుగా మళ్లీ తీయమనండి. రిఫరెన్స్ కూడా అడగండి. అది లేకుండా పోలిక గురించి చెప్పేదంతా ఊహే. ఆ తర్వాత కూడా "ఏదో తేడాగా ఉంది" అనకండి. "ఎడమ కంటి బయటి కొన 3 మి.మీ. కిందకి రావాలి" అంటే గీసినవాళ్లు కొలిచి చూసుకోగలరు. సలహా తీసుకునేవాళ్లు కొలవకుండా రబ్బరు పట్టుకోవద్దు.

పరిష్కారం: షేడింగ్ మొదలుపెట్టకపోతే అవుట్‌లైన్ కొత్తగా వేయండి. షేడింగ్ అయిపోతే అతుకులు వేయకుండా ఆ బొమ్మని అలాగే వదిలేయండి. ఈసారి ప్యాడ్ కింది అంచు ఒళ్లో, పైభాగం బల్ల అంచుకి ఆనించి, చూపుకి కాగితం ఎదురుగా ఉండేలా పెట్టుకోండి. రిఫరెన్స్ కూడా పక్కనే అదే వాలులో ఉండాలి. అవుట్‌లైన్ అయ్యాక గోడకి ఆనించి 2 మీటర్ల దూరం నుంచి ఒకసారి చూడండి.

కొలతలు సరిపోయినా పోలిక లేకపోతే రిఫరెన్స్‌నే అనుమానించండి. చేతి దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డవాళ్ల ముఖం పక్కకి సాగుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో వాడండి.

బొమ్మ బూడిదగా ఉందంటే ముందు వెలుతురులో ఇంకో ఫొటో తీయండి, తెల్ల కాగితాన్ని ఫోన్ తరచూ మసకగా చూపిస్తుంది. అయినా అలాగే ఉంటే మామూలు హెచ్‌బీ పెన్సిల్‌తోనే ముగించేశారన్నమాట. కనుపాపల్లో, ముక్కు రంధ్రాల్లో, మెడ కింద నీడలో 4బీ, 6బీ లాంటి ముదురు పెన్సిళ్లు పెట్టండి.

పెన్సిల్ బ్రాండ్, కాగితం మందం లాంటివాటి వల్ల పోలిక పోవడం దాదాపు ఉండదు.