క్యాంపర్ వ్యాన్ టాపు కారుతోందా? చుక్క పడే చోటు వేరు, నీళ్లు దూరే చోటు వేరు

బెంగళూరులో మే నెల గాలివానలకే సీలింగ్ ప్లైవుడ్ మీద మరక కనిపించిందంటే సెప్టెంబరు దాకా ఆగొద్దు. అసలు వానలు అప్పుడే. అలాగని చుక్క పడే చోటికి సరిగ్గా పైన సీలెంట్ పూసేసి ఊరుకోవద్దు. రేకులో దూరిన నీరు అడ్డపట్టీల వెంట, వైర్ల వెంట పాకి, ప్లైవుడ్ అతుకు ఎక్కడ దొరికితే అక్కడ కిందికి దిగుతుంది. బండి వాలుగా నిలిపితే మరక చోటు కూడా మారుతుంది.

ముందు తడిసిన సీలింగ్ పలక విప్పండి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు మామూలు హోస్ పైపుతో బయట తడపాలి. కింది నుంచి పైకి వెళ్లాలి: మొదట గట్టర్ (టాపు అంచున నీళ్లు పారే కాలువ), తర్వాత పక్క అతుకులు, చివరగా టాపు మీది ఫిట్టింగులు. ఒక్కో చోట 5 నుంచి 10 నిమిషాలు. అంతా ఒకేసారి తడిపితే ఏమీ తేలదు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు, బాగున్న సీలులోంచి కూడా నీళ్లు తోస్తుంది.

వాన లేకపోయినా తెల్లారేసరికి తడి

ఇది లీకు కాదు. ఊపిరి ఆవిరి, వంట ఆవిరి చల్లటి రేకుకు తగిలి నీరవుతున్నాయి. రాత్రి వెంట్ కాస్త తెరిచి ఉంచండి, ఇన్సులేషన్ లేని లోహపు పట్టీలను కప్పండి.

ఏసీ వేస్తేనే కారడం

డ్రెయిన్ రంధ్రం ఆకులతో, మట్టితో పూడి ఉంటుంది. శుభ్రం చేస్తే చాలు. వానకూ కారుతుంటే ఏసీకీ టాపుకీ మధ్య ఉండే మెత్తటి పట్టీ, అంటే గ్యాస్కెట్ అణిగిపోయినట్టు. కొత్తది వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. అంగుళం మందం అర అంగుళానికి వస్తే ఆపాలి. ఇంకా బిగిస్తే మళ్లీ అదే కథ.

రూఫ్ ఫ్యాన్ చుట్టూ చెమ్మ

ఎక్కువ లీకులు ఇక్కడివే, ఎక్కువగా చెడగొట్టేదీ ఇక్కడే. పాత సీలు మీద ఎవరో సిలికాన్ పూసి ఉంటారు. సిలికాన్ మీద ఇంకే సీలెంటూ పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే గీతపడిన రేకును తుప్పు కూడా పట్టిస్తుంది. కాబట్టి ఫ్యాన్ విప్పక తప్పదు.

పాతదంతా ప్లాస్టిక్ గీకుడుపలకతో తీసి, మిగిలిన పొరను ఎమెరీతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రేకు తేలిన చోట ప్రైమర్ వేసి ఆరనివ్వండి. అంగుళం వెడల్పు బ్యూటైల్ టేపును (ముద్దలా మెత్తగా అంటుకునే రబ్బరు పట్టీ) అంచు కింద నాలుగు వైపులా, స్క్రూ రంధ్రాలను కప్పుతూ పరచాలి. 14 అంగుళాల ఫ్యాన్‌కు 2 మీటర్లు తీసుకోండి. టేపును సాగదీయొద్దు, మూలల్లో ఖాళీ రానివ్వొద్దు. స్క్రూలు సమంగా బిగించి, మర్నాడు మరోసారి చూడండి. బయటికి పొంగిన బ్యూటైల్ కోసేసి, అంచు మీదా స్క్రూ తలల మీదా పాలియురేథేన్ సీలెంట్ వేయండి. పైపొర గంటలో కట్టినా లోపలికి రోజుకు సుమారు 3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది. ఎండకు పగలకుండా తర్వాత పెయింట్ వేయాలి.

బెంగళూరు జేసీ రోడ్డు ఆటో విడిభాగాల దుకాణాల్లో "సిలికాన్" అని అడిగితే సిలికానే ఇస్తారు. కార్ట్రిడ్జ్ మీద పాలియురేథేన్ అని ఉందో లేదో, గడువు తేదీ దాటిందో లేదో చూసుకోండి.

సోలార్ బ్రాకెట్ల దగ్గర చుక్కలు

మిల్లీమీటరు కూడా లేని రేకులో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు నిలవవు. హైవే మీద గాలి సోలార్ పలకను పైకి లాగుతుంటే మర వదులవుతుంది. మరింత లావు స్క్రూ ఎక్కించడం తాత్కాలికమే. సీలింగ్ ఎలాగూ విప్పారు కనుక, బ్రాకెట్ కింద బ్యూటైల్ పెట్టి, లోపల పెద్ద వాషరు, నైలాక్ నట్టుతో (లోపల నైలాన్ వలయం ఉండి, కుదుపులకు వదులవని నట్టు) బోల్టు వేయండి. కేబుల్ దిగే గ్లాండ్‌నూ (కేబుల్ చుట్టూ నీళ్లు దూరకుండా బిగించే అమరిక) ఓసారి చూడండి.

పక్క గోడ పైఅంచున తడి

గట్టర్ అతుకులోని సీలర్ పగిలింది. టింకరింగ్ షెడ్డులో "ఎపాక్సీ ముద్ద పెట్టేస్తే పోతుంది సార్" అంటారు. బండి కదిలినప్పుడల్లా బాడీ మెలితిరుగుతుంది, ఎపాక్సీ మాత్రం మెలితిరగదు, కనుక మళ్లీ పగులుతుంది. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, సాగే సీమ్ సీలరే వాడండి.

ఫైబర్ టాపులో చీలిక

చీలికను వి ఆకారంలో గీకి, బాగా ఆరనిచ్చి, రెండు పొరల ఫైబర్ మ్యాట్‌ను పాలియెస్టర్ రెసిన్‌తో వేయండి. చీలిక దాటి 5 సెం.మీ. దాకా రావాలి. హార్డెనర్ 1 నుంచి 2 శాతం. ఎండలో ఎక్కువ కలిపితే బ్రష్ ఎత్తేలోపే గడ్డకడుతుంది.

వానలోనే దారిలో దొరికిపోతే పొడిగా తుడిచి అల్యూమినియం బ్యూటైల్ టేపు అంటించండి, లేదా సిల్పాలిన్ పట్టా కట్టండి. తడి రేకు మీద ఏ సీలెంటూ వేయొద్దు.

రిపేరయ్యాక తడిసిన గ్లాస్‌వూల్ పారేయండి. సీలింగ్‌ను మరో గట్టి వాన పడి చూసేదాకా మూయకండి.