పాత సామాను చదువుదాం – 4వ పాఠం: డబ్బా మీద అడ్రసు

పోయిన పాఠంలో అయస్కాంతం, కాటా, నీళ్ల గిన్నె ముందేసుకుని ఏది ఇత్తడి, ఏది ఇత్తడి రంగు పూసిన ఇనుము అని తేల్చుకున్నాం కదా. ఈసారి అంత హడావుడి లేదు. కళ్లజోడు, టార్చి లైటు, గట్టిగా పిండిన తడిగుడ్డ, అంతే. గుడ్డ ఎందుకు పిండమంటున్నానో చివర్లో చెబుతాను, అది నా సొంత బాధ.

అటక మీంచి ఒక పాత డబ్బా దించండి. అచ్చు ఉన్న డబ్బా ఏదైనా పరవాలేదు: టీ పొడిది, కాఫీ పొడిది, బిస్కెట్లది, నూనెది. రేకు డబ్బా లేకపోతే గోనెసంచైనా సరే. అందరూ ముందు బొమ్మ చూస్తారు. బొమ్మ వదిలేయండి, బాగా అమ్ముడుపోయే బొమ్మని ముప్పై ఏళ్లైనా ఎవరూ మార్చరు. కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉండే అడ్రసు చదవండి. ఎవరూ పట్టించుకోని ఆ రెండు లైన్లలోనే ఆ వస్తువు వయసు ఉంటుంది.

ఈ విద్యలో మన రాయగడ వాళ్లకి ఊరికే వచ్చిన లాభం ఒకటుంది. మన చుట్టూ జిల్లాలు మారినంతగా మన ఇళ్లల్లో గిన్నెలు కూడా మారలేదు. మా మామ్మ పుట్టినప్పుడు రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేసరికి కోరాపుట్ జిల్లాలోకి వెళ్లాం. 1992 అక్టోబరు 2న రాయగడే జిల్లా అయింది. 2011 నవంబరులో ఇంగ్లీషులో రాష్ట్రం పేరు స్పెల్లింగ్ కూడా మార్చేశారు, ఒరిస్సా పోయి ఒడిశా వచ్చింది. మామ్మ మాత్రం అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర.

రైలెక్కి సామాన్లకి వెళ్లే పార్వతీపురం సంగతి ఇంకా బాగుంటుంది. 1950 దాకా విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టులో శ్రీకాకుళం జిల్లా పుడితే అందులోకి. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా పుడితే అందులోకి. 2022 ఏప్రిల్‌లో తానే జిల్లా అయింది, పార్వతీపురం మన్యం. పైన రాష్ట్రం పేరు కూడా తిరుగుతూనే ఉంది: 1953 దాకా మద్రాసు, తర్వాత మూడేళ్లు ఆంధ్ర, 1956 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి అటక తలుపుకి అంటించేయండి. నేను అంటించాను, మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు మా డబ్బా. కాఫీ పొడిది, గుండ్రంగా, జానెడు ఎత్తు. కంపెనీ పేరు మీకు అనవసరం. అడుగున అచ్చు: “పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా, ఆం.ప్ర.” పక్కన “నికర తూకం 500 గ్రాములు”. పిన్ కోడ్ లేదు, ధర లేదు.

శ్రీకాకుళం జిల్లా అంది కాబట్టి 1950 తర్వాతది. ఆం.ప్ర. అంది కాబట్టి 1956 తర్వాతది. గ్రాములు అంది కాబట్టి ఇంకో రెండేళ్లు ముందుకి రండి, ఎందుకంటే మన దేశంలో కిలోల లెక్క 1958 అక్టోబరులోనే మొదలైంది, అంతకుముందు వీశెలు, సేర్లు, పౌన్లు. విజయనగరం అనలేదు కాబట్టి 1979 లోపుది. పిన్ కోడ్ లేదు కాబట్టి 1972 లోపుది, పిన్ కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి. అంటే 1958కీ 1972కీ మధ్య. భలే తేలిపోయింది కదా?

తేలలేదు. ఇక్కడే అందరం బోర్లా పడతాం. పైన చెప్పిన వాటిలో మొదటి మూడూ ఒక జాతి, చివరి రెండూ ఇంకో జాతి. ఉన్నదాన్ని బట్టి చెప్పేది గట్టి మాట: గ్రాములనే అచ్చు 1950లో పడే అవకాశం లేదు. లేనిదాన్ని బట్టి చెప్పేది మెత్తటి మాట: పిన్ కోడ్ వచ్చిన పదేళ్లకి కూడా వేయని వాళ్లు బోలెడు మంది, ఇప్పటికీ ఇంటి ఉత్తరం మీద వేయని వాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. జిల్లా మారినంత మాత్రాన ప్రెస్సు వాడు పాత బ్లాకు పారేయడు, పారేస్తే కొత్తదానికి డబ్బులెవరిస్తారు? అందుకని నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయండి. ఒకదాని మీద “దీనికంటే ముందుది కాదు” అని, రెండోదాని మీద “బహుశా దీని తర్వాతది కాదు” అని రాయండి. బహుశా అనే మాట రెండో గడిలో తప్పనిసరి. మా డబ్బాకి మొదటి గడిలో 1958, గట్టిగా. రెండో గడిలో 1979, పక్కన ప్రశ్నార్థకం.

నేను ఈ బహుశా నేర్చుకున్నది పరువు పోయాక. గుణుపురం వైపు చుట్టాలింట్లో అటుకుల సంచి ఒకటి, మందం ప్లాస్టిక్ అల్లికది, దాని మీద ఇంగ్లీషులో “రాయగడ, కోరాపుట్ జిల్లా, ఒరిస్సా” అని చూసి, ఇది 1992 ముందుది పిన్నీ, దాచుకో అని పదిమందిలో గొప్పగా చెప్పాను. పిన్ని అల్లుడు సంచి తిప్పి చూశాడు. వెనకాల 9437తో మొదలయ్యే పదంకెల మొబైల్ నంబరు! బీఎస్‌ఎన్‌ఎల్ మొబైళ్లు వచ్చిందే 2002లో. అంటే జిల్లా విడిపోయిన పదేళ్లకి కూడా మిల్లువాడు పాత అడ్రసుతోనే సంచులు కొట్టించాడు. ఆ అబ్బాయి ఒక్క మాట అనకుండా సంచి మడతపెట్టి నా చేతికిచ్చాడు. అంటే బాగుండేది.

కాబట్టి ఒక్క ఆనవాలుతో ఆగొద్దు. ఉన్నవన్నీ రాయండి, అందులో అన్నిటికంటే కొత్త ఆనవాలుదే గెలుపు. సులువుగా దొరికేవి ఇవి. ధర అణాల్లో ఉంటే ఆ ధర 1957 ఏప్రిల్ ముందు లెక్కది. “నయా పైసలు” అని ఉంటే 1957–64 నాటి అచ్చు అనుకోవచ్చు, 1964 జూన్‌లో నయా అనే మాట తీసేశారు. ఐఎస్‌ఐ ముద్ర ఒక్కటే ఉంటే పెద్దగా ఉపయోగం లేదు, అది ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడూ ఉంది. తిండి వస్తువుల లైసెన్సుకి ఇచ్చే పద్నాలుగంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంటే 2011 కంటే ముందుది కాదు. జీఎస్టీ నంబరుంటే 2017 జులై కంటే ముందుది కాదు, పైగా దాని మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెప్తాయి: 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 27 మహారాష్ట్ర. బోర్డు మీద ఒడియా ఉన్నా బిల్లు మీద 37 ఉంటే సరుకు అటునుంచి బిల్లయిందన్నమాట. బార్‌కోడ్ 890తో మొదలైతే వస్తువు ఇండియాలోనే తయారైందని వాట్సాప్‌లో తిరుగుతుంది, అది నమ్మకండి. ఆ నంబరు కంపెనీ ఇక్కడ రిజిస్టర్ అయిందని చెప్తుంది తప్ప వస్తువు ఎక్కడ చేశారో చెప్పదు.

ఇక్కడిదాకా డబ్బా పుట్టుక. నాకు ఇష్టమైన భాగం ఆ తర్వాతిది, కాఫీ అయిపోయాక డబ్బా ఏం చేసింది అన్నది. మన ఇళ్లల్లో ఖాళీ డబ్బా పారేయడం అనేది నిన్నమొన్నటి అలవాటు. అంతకుముందు డాల్డా డబ్బాలో తులసి మొక్క, కిరసనాయిలు డబ్బాలో కాగే వేణ్ణీళ్లు, అదే డబ్బా అడుగు చిల్లిపడితే విప్పి సాపు చేసి కోళ్ల గూటికి పైకప్పు.

మా కాఫీ డబ్బా మూత చూడండి. మూత మీద అరిగిపోయిన కాగితం చీటీ, బాల్‌పెన్‌తో అమ్మ రాత, “జీలకర్ర”. ఆ చీటీ మీదుగా, “జీ”కీ “ల”కీ మధ్య, ఉలితో కొట్టినట్టు ఒక చీలిక. చీలిక అంచులు లోపలికి వంగి ఉన్నాయి, అంటే పైనుంచి కొట్టారు. చీటీ కూడా చీలికతో పాటే తెగింది, అంటే ముందు చీటీ, తర్వాత చీలిక. ముందు చీలిక ఉండి తర్వాత చీటీ అంటించి ఉంటే కాగితం చీలిక మీద కప్పేసి ఉండేది. ఒకదాన్ని కోసింది, ఒకదాని మీద కప్పింది ఎప్పుడూ తర్వాత వచ్చినవే, వరస ఇలాగే పడుతుంది. కాబట్టి కాఫీ, ఆపైన జీలకర్ర, ఆపైన మా హుండీ.

హుండీ ఎప్పటిది? చీలిక పొడవు స్కేలు పెట్టి కొలిస్తే 2.6 సెంటీమీటర్లు. 1970ల నాటి పెద్ద రూపాయి, 28 మిల్లీమీటర్లది, పెట్టి చూశాను, దూరలేదు. 1992 తర్వాతి స్టీలు రూపాయి, 25 మిల్లీమీటర్లది, టక్కున పడింది. కాబట్టి హుండీ 1992 తర్వాతది అని రాసేద్దామనిపిస్తుంది, నాకూ అనిపించింది. అర్ధరూపాయిల కోసం కొట్టి ఉండొచ్చు కదా? అమ్మకి ఫోన్ చేశాను. “అది నీకు కాదురా, మీ అక్కకి, నువ్వప్పటికి పుట్టలేదు” అంది. నేను పుట్టింది 1984లో. పోయింది స్టీలు రూపాయి. చూశారా, స్కేలు అయిపోయాక ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, కానీ స్కేలు అయిపోయాకే. ముందే అడిగితే వాళ్లు చెప్పిందే మీ కళ్లకి కనబడుతుంది.

అచ్చు లేని సామానుకి, అంటే బిందెలకి, గుండిగలకి, అడ్రసు ఉండదు. పేర్లుంటాయి. మెడ కిందో, అంచు మీదో చూడండి. అక్షరం సన్నని గీతలా, కొద్దిగా వణికినట్టు ఒకే లోతున ఉంటే అది కరెంటు మిషనుతో కొట్టినది, మన స్టీలు సామాన్ల కొట్టుల్లో ఇప్పటికీ కొడతారు. చుక్క చుక్కగా, ఒక్కో చుక్క ఒక్కో లోతున ఉంటే మేకులాంటి ఉలితో సుత్తి దెబ్బ మీద వేసినది. టార్చి నేరుగా కాకుండా పక్కనుంచి, ఏటవాలుగా కొట్టండి, అరిగిపోయిన చుక్కలు కూడా నీడతో లేచి నిలబడతాయి. అలా చూస్తే మా మామ్మ ఇత్తడి బిందె మీద ఒక పక్క తెలుగు చుక్కలు, ఇంకో పక్క ఒడియా చుక్కలు కనిపించాయి. రెండూ గుండ్రటి లిపులే కాబట్టి మొదటిసారి నేను ఒడియా పక్కని అరిగిపోయిన తెలుగనుకుని అరగంట కుస్తీ పట్టాను. తెలియని అక్షరం వస్తే పలకలేకపోయినా బొమ్మలా గీసుకుని, చదవగలిగిన పొరుగువాళ్లకి చూపించండి. మాకు పక్కింటి మౌసీ చదివి పెట్టింది, ఆ ఒడియా పేరు మా వంశంలో ఎవరిదీ కాదు. అంటే బిందె మా ఇంటికి కొత్తగా రాలేదు, చేతులు మారి వచ్చింది.

తెలుగు పక్క చివర్లో “2 వీ” అని ఉంది. అది పేరా, తూకమా? వీశె అంటే 120 తులాలు, తులం 11.66 గ్రాములు, అంటే వీశె దగ్గర దగ్గర 1400 గ్రాములు. రెండు వీశెలు 2 కిలోల 800. బిందెని కాటా మీద పెడితే 2 కిలోల 740 వచ్చింది. ఆ అరవై గ్రాములు ఇన్నేళ్లూ చింతపండూ బూడిదా వేసి తోమిన మామ్మ చేతికి పోయాయి. అక్షరం తూకానిదేనని తేలింది, అడుగు కూడా మార్చలేదని తేలింది, మారిస్తే లెక్క ఇంత దగ్గరగా కుదరదు.

తడిగుడ్డ పిండమన్నాను కదా. నా మొదటి డబ్బా, ఇది కాదు, ఇంకొకటి, దుమ్ము పోవాలని సబ్బునీళ్లలో నానబెట్టాను. కాగితం లేబుల్ మొత్తం ముద్దయి జారిపోయింది. దాని మీద ఏ జిల్లా ఉందో నాకింకా తెలియదు. తుడిచే ముందు ఫోన్‌తో నాలుగు పక్కలా ఫోటో తీయండి, ఇత్తడైతే పేరున్న చోట పుల్లటిది రాయకండి, తుప్పు రేకుని గీకకండి.

ఈ వారం పని: మీ ఇంట్లో మూడు వస్తువులు తీసుకోండి, ఒకటి అచ్చున్నది, ఒకటి పేరున్నది, ఒకటి ఏమీ లేనిది. మొదటి రెండింటికీ రెండేసి గళ్లు నింపండి. మూడోదాన్ని వచ్చే పాఠం దాకా అలాగే ఉంచండి. అది అల్యూమినియం తప్పేలా అయితే మరీ మంచిది, పంచపట్‌మలి కొండల మీద అల్యూమినియం ముడి ఖనిజం బాక్సైట్ తవ్వకం దగ్గర మొదలుపెట్టి దమన్‌జోడి మీదుగా అంగుల్ దాకా దాని వెనకే వెళదాం.