టి-34/85 ట్యాంకు నమూనా: ట్రాకులు బరువుగా కనిపించేలా కట్టడం ఎలా?

ప్లాస్టిక్ కిట్‌తో ట్యాంకు నమూనా కట్టేవారిలో చాలామంది పని చెడగొట్టుకొనేది ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే లింకుల గొలుసుల) దగ్గరే. అతుకులు కనబడకుండా హల్ (ట్యాంకు శరీరం) కుదిరి, ఆకుపచ్చ రంగు సమంగా పడి, టరెట్ (ఫిరంగి ఉండే, పైన తిరిగే గది) మీద అంకెలు తిన్నగా అమరిన నమూనాలో కూడా ట్రాకులు చక్రాలకు ఆనకుండా పైకి లేచి బిగుసుకొని ఉంటే, చూసేవారికి అది 32 టన్నుల యంత్రమన్న భావన కలగదు. అందుకే మిగిలిన దశలను త్వరగా ముగించి, ట్రాకులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సేనలు వాడిన టి-34/85ను ఉదాహరణగా తీసుకుందాం. 85 మిల్లీమీటర్ల ఫిరంగి, ముగ్గురు కూర్చొనే టరెట్ గల ఈ రకం 1944 వసంతంలో యుద్ధరంగంలోకి దిగింది. నిజ్నీ టాగిల్, గోర్కీ, ఓమ్స్క్ ఫ్యాక్టరీలు దీన్ని తయారు చేశాయి. టరెట్ పోతలో ఒక్కో ఫ్యాక్టరీకి చిన్న చిన్న తేడాలున్నాయి గనుక, మీ కిట్ ఏ ఫ్యాక్టరీ ట్యాంకుకు చెందినదో ముందే చూసుకొని, అప్పటి ఫొటోలను ఎదురుగా పెట్టుకోవాలి. స్కేలు మాత్రం 1/35 తీసుకోండి. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1960ల ఆరంభంలో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ తెచ్చినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టేలా కొలతలు నిర్ణయించడం వల్ల ఈ నిష్పత్తి వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ దాన్నే పట్టుకున్నాయి. ఫిరంగితో కలిపి సుమారు 8.1 మీటర్ల పొడవున్న టి-34/85 ఈ స్కేలులో 23 సెంటీమీటర్లవుతుంది. 1/72 స్కేలులో కింద చెప్పబోయే పని వేళ్లకు అందదు.

స్ప్రూ (భాగాలు అతుక్కొని వచ్చే ప్లాస్టిక్ చట్రం) కత్తిరించే నిప్పర్, సన్నని బ్లేడు, 400, 800 నంబర్ల వాటర్ పేపర్, ట్వీజర్, స్టీలు స్కేలు, మాస్కింగ్ టేపు, చిన్న గాజు పలక, ప్లాస్టిక్ నమూనాల కోసమే అమ్మే పల్చని లిక్విడ్ సిమెంట్ ఉంటే చాలు. ఫెవిక్విక్‌తో ప్లాస్టిక్ భాగాలు అతికించవద్దు. అది రెండు ముక్కల నడుమ పొరలా గట్టిపడుతుందే గాని, లిక్విడ్ సిమెంట్‌లా ప్లాస్టిక్‌ను కరిగించి రెంటినీ ఒకటి చేయదు.

భాగాన్ని స్ప్రూ నుంచి రెండు కోతలుగా వేరు చేయాలి: ముందు ఒక మిల్లీమీటరు దూరంగా, తర్వాత అంచుకు దగ్గరగా. హల్ కింది పెట్టెను జోడించి గాజు పలక మీద పెట్టి, ఏ మూలా లేవకుండా చూసుకోండి. పైభాగం, ఫెండర్లు (ట్రాకుల మీద కప్పే రేకులు), ఇంధనపు పీపాలు సూచనల పుస్తకం చెప్పిన క్రమంలో సులువుగా వెళ్లిపోతాయి. టరెట్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. అసలు టరెట్‌ను ఉక్కు కరిగించి ఇసుక అచ్చులో పోసేవారు కాబట్టి దాని ఒంటి మీద గరుకుదనం ఉంటుంది. నున్నని ప్లాస్టిక్ మీద సిమెంట్ పూసి, అది మెత్తబడుతుండగా కురచ వెంట్రుకల బ్రష్‌తో పొడిచినట్టు తడితే ఆ గరుకు వస్తుంది. పైకప్పు చదునైన ఉక్కు రేకు గనుక దాన్ని నున్నగానే వదలాలి. టరెట్ అంతటా ఒకే గరుకు పెట్టేవారు ఈ సంగతి గమనించరు.

ఇక ట్రాకులు. పాత కిట్లలో ట్రాకు మెత్తని వినైల్ పట్టీగా వస్తుంది. దాన్ని వాడవద్దు. అది సాగి బిగుసుకొని చక్రాల పైనుంచి లేచిపోతుంది, పైగా కొన్నేళ్లకు ఆ వినైల్ తగిలిన చోట చక్రాల ప్లాస్టిక్ కరిగి అతుక్కుపోతుంది. లోహపు లింకుల సెట్లు తమ బరువుకు తామే వాలతాయన్నది నిజమే; కాని వాటి ధర దాదాపు కిట్ ధరంత ఉంటుంది, రంగూ వాటిని త్వరగా వదిలేస్తుంది. విడివిడి ప్లాస్టిక్ లింకులను సిమెంట్‌తో కట్టే పద్ధతే సరైనది. ఎంత ఒంపు కావాలో అంత ఒంపు మన చేతిలో ఉండేది ఇందులోనే.

ఒంపు ఎక్కడ రావాలో ముందు అర్థం చేసుకోవాలి. అమెరికా ట్యాంకు షెర్మన్‌కో జర్మన్ ట్యాంకు పాంజర్-4కో ట్రాకు పైభాగాన్ని మోసే చిన్న రోలర్లు ఉంటాయి. టి-34కు అవి లేవు. అయిదు పెద్ద చక్రాల నెత్తి మీదే ట్రాకు పడుకొని వెళుతుంది. కాబట్టి ట్రాకు వెనకనున్న పళ్ల చక్రం (ట్రాకును తిప్పేది; టి-34లో దీనికి పళ్లకు బదులు రోలర్లుంటాయి) నుంచి దిగి, మధ్య చక్రాలను తప్పకుండా తాకి, వాటి నడుమ ఖాళీల్లో కొద్దిగా కుంగి, మళ్లీ ముందున్న ఐడ్లర్ చక్రం (ట్రాకును బిగువుగా ఉంచేది) మీదికి ఎక్కాలి.

500 మిల్లీమీటర్ల వెడల్పు ట్రాకుకు ఒక్కో వైపు 72 లింకులు ఉంటాయి. 36 కొమ్ము (చక్రం వైపు పొడుచుకొచ్చిన భాగం) ఉన్నవి, 36 బోసివి, ఒకటి విడిచి ఒకటిగా. అన్నింటినీ శుభ్రం చేసి రెండు కుప్పలుగా పెట్టుకోండి. ట్రాకు పిన్నుల తలలు హల్ వైపే ఉండాలి. అసలు ట్యాంకులో పిన్నుకు రెండో చివర బిగింపు ఉండేది కాదు. నడిచేకొద్దీ ట్రాకు నుంచి హల్ వైపు బయటికి జరిగే పిన్ను తలను, పళ్ల చక్రం దగ్గర హల్‌కు వెల్డింగ్ చేసిన ఒక రేకు తగిలి తిరిగి ట్రాకులోకి నెట్టేది. ఆ చిన్న రేకు మీ నమూనా మీద కూడా ఉంటుంది. ట్రాకు తిరగబడితే దాని ఎదురుగా పిన్ను తలలు ఉండవు, తెలిసినవారి కంట వెంటనే పడుతుంది.

బల్ల మీద స్టీలు స్కేలును టేపుతో అంటించి, దాని అంచుకు ఆనించి 36 లింకుల వరుస ఒకటి పేర్చండి. అలాంటి వరుసలు ఒక్కో వైపుకు రెండు కావాలి. ప్రతి కీలు దగ్గర, చక్రం తగిలే వైపున మాత్రమే, బ్రష్ కొసతో ఒక చుక్క సిమెంట్ తాకించాలి. ఎక్కువ పోస్తే లింకు నేల వైపు ఉన్న గళ్ల నమూనా కరిగిపోతుంది. తర్వాత వేచి ఉండాలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. వెంటనే ఎత్తితే వరుస ముక్కలై చేతిలోకి వస్తుంది, గంట దాటితే కర్రలా బిగిసి విరుగుతుంది. మామూలుగా ఇరవై నుంచి ముప్పై నిమిషాలు సరిపోతాయి. మన వేసవి ఎండల్లో, అందులోనూ ఫ్యాను కింద, సిమెంట్ చాలా త్వరగా ఆరిపోతుంది కాబట్టి పది నిమిషాల నుంచే పరీక్షించడం మొదలుపెట్టండి. ఒక చివర పట్టుకొని నెమ్మదిగా ఎత్తినప్పుడు వరుస తెగకుండా తడి తోలులా వంగితే అదే అదను.

ఆ సమయానికి చక్రాలన్నీ ఇరుసుల మీద సిమెంట్ లేకుండా ఎక్కించి, హల్ గాజు పలక మీద నిలబడి ఉండాలి. కింది వరుసను ముందు చుట్టి నేలకు ఆనించండి. తర్వాత పై వరుసను పళ్ల చక్రం దగ్గర మొదలుపెట్టి, కొమ్ములను చక్రంలోని రోలర్ల నడుమ కూర్చోబెడుతూ ముందుకు తెండి. ఒంపు రావలసిన చోట టూత్‌పిక్‌తో నొక్కి, ఫెండర్‌కు ట్రాకుకు మధ్య దూది ఉండలు దూర్చి రాత్రంతా కదపకుండా వదిలేయండి. రెండు వరుసలు కలిసే చోట్ల, అంటే పళ్ల చక్రం వెనకా ఐడ్లర్ ముందూ, సిమెంట్ పెట్టకండి. రంగు వేయడానికి ట్రాకును రెండు ముక్కలుగా విప్పగలగాలి.

పొడవు అర లింకు ఎక్కువో తక్కువో అయితే కంగారుపడి ఒక లింకు తీసేయవద్దు. ఒకటి తీస్తే కొమ్ము, బోసి వరుస తప్పుతుంది. ఐడ్లర్‌ను మోసే కడ్డీని హల్‌కు అంటించకుండా ఉంచితే దాన్ని ముందుకో వెనక్కో తిప్పి సర్దుకోవచ్చు. నిజం ట్యాంకులో కూడా సిబ్బంది ట్రాకును బిగించినది ఆ ఐడ్లర్‌తోనే. సరిపోయాక ఐడ్లర్‌కు సిమెంట్ పెట్టి, రెండో వైపు మొదలుపెట్టండి. రెండు వైపులూ ఒకే రోజు చేయవద్దు.

రంగు పని ఇంత కష్టం కాదు. చక్రాలు, ట్రాకులు విప్పి బూడిద రంగు ప్రైమర్ కొట్టి, సోవియట్ 4బీఓ ఆకుపచ్చను పల్చని పొరలుగా వేయాలి. చిన్న నమూనా మీద అసలు రంగు నల్లబడినట్టు కనిపిస్తుంది కాబట్టి కొంచెం పసుపు కలిపి తేలిక చేయడం తప్పనిసరి. తమియా అక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పల్చన చేసుకోవచ్చు. 1945లో బెర్లిన్ చేరిన ట్యాంకు కట్టేవారు టరెట్ చుట్టూ తెల్ల పట్టీ, పైకప్పు మీద తెల్ల శిలువ గీయాలి. సొంత విమానాలు గుర్తుపట్టడానికి వాటిని చేత్తో వేశారు గనుక అంచులు తిన్నగా ఉండకూడదు. డెకాల్ (నీటిలో తడిపి అంటించే) అంకెలను మెరిసే వార్నిష్ మీదే అంటించండి. చివరి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌ను వర్షం పడుతున్న రోజున స్ప్రే చేయవద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పొర మీద తెల్లటి మసక వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో పొడి రోజు కోసం ఆగడం మేలు.

ట్రాకులకు నారింజ రంగు తుప్పు పూయడం మానేయాలి. మాంగనీస్ ఉక్కుతో పోసిన ఆ లింకులు రోజూ నేలకు రాసుకొని మెరుగెక్కి ఉంటాయి. ముదురు గోధుమ, బూడిద కలిపిన రంగు వేసి, గుంటల్లో ఎండిన మట్టి రంగు నింపండి. ఆరాక 4బి పెన్సిల్ లోపలి గ్రాఫైట్‌ను పొడి చేసి వేలితో తీసుకొని, కొమ్ముల పక్కలకు, నేల తాకే గళ్ల అంచులకు మాత్రమే రుద్దితే ఉక్కు మెరుపు వస్తుంది. చక్రాలను ఇరుసులకు అంటించి, కింది ముక్కను ముందు, పై ముక్కను తర్వాత ఎక్కించి, రెండు అతుకుల దగ్గర లోపలి వైపు నుంచి చుక్క సిమెంట్ పెట్టండి. ఆ సిమెంట్ ఆరేదాకా పై ట్రాకు మధ్య చక్రాలకు ఆని ఉండేలా దూది ఉండలను మళ్లీ ఫెండర్ కింద దూర్చి ఉంచాలి.