అప్‌డేట్ తర్వాత లేవని బోర్డు – 5వ పాఠం: ఆ ఒక్క లైన్

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు అప్‌డేట్ తర్వాత లేవకపోతే ఏం చేయాలో చెప్పుకుంటున్నాం. పోయిన పాఠంలో రూట్ పార్టిషన్ (మెమరీ కార్డులో సిస్టమ్ ఉండే భాగం) గుర్తు సరిచేయడం చెప్పాను. చేశారు. దాంతో అంతకుముందు సగం దాకా లేచిన బోర్డులు ఇప్పుడు అక్కడికీ రావడం లేదట. ఈసారి చెబుతానన్న సీరియల్ కేబుల్ సంగతి వచ్చే పాఠానికి వాయిదా.

ముందు గాజువాక కుర్రాడి కథ. "మాస్టారూ, నేనేటీ మార్చలేదండి, ఓకే నొక్కానంతే" అన్నాడు. విండోస్ ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టగానే 'ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి' అని అడిగితే దానికి నొక్కిన ఓకే అది! కార్డులో మొదటిది బూట్ పార్టిషన్, ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది, విండోస్ చదువుతుంది. రెండోది రూట్ పార్టిషన్, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉంటుంది. అది అర్థంకాక ఫార్మాట్ అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిలే. నొక్కేసినవాళ్లు కార్డులో కొత్త ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) రాసుకోండి, వేరే దారి లేదు.

మిగతావాళ్లలో ఎక్కువమందిది ఒకటే జబ్బు. బూట్ పార్టిషన్‌లోని సీఎండీలైన్ ఫైలంటే కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, బూట్ అయ్యేటప్పుడు అందే ఆప్షన్ల చిట్టా. అది మొత్తం ఒకే లైన్‌లో ఉండాలి. ఈ మాట పోయినసారీ రాశాను. అయినా 'చదవడానికి వీలుగా ఉంటుందని' మధ్యలో ఎంటర్ కొట్టారు. లైన్ విరిగాక కిందపడ్డ ముక్క కెర్నెల్‌కి చేరుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ ముక్కలో రూట్ గుర్తుంటే కెర్నెల్‌కి తన ఇల్లెక్కడో తెలియదు.

దీనికి తిరగబడ్డ రకం ఇంకోటుంది, నాకు మరీ చిరాకు. నోట్‌ప్యాడ్‌లో వర్డ్ వ్రాప్ ఆన్‌లో ఉంటే ఒకే లైన్ కూడా నాలుగు లైన్లుగా కనిపిస్తుంది. 'అయ్యో, విరిగిపోయింది' అనుకుని బ్యాక్‌స్పేస్ కొడతారు. పోయేది మాటల మధ్య ఖాళీ! రెండు ఆప్షన్లు అతుక్కుని ఏ అర్థమూ లేని ఒకే మాటైపోతాయి. అందుకే ముందు వర్డ్ వ్రాప్ ఆపండి. తర్వాత కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కి కింద లైన్ నంబర్ చూడండి. 1 ఉండాలి. చివర ఖాళీ లైన్ వల్ల 2 చూపిస్తే ఫర్వాలేదు. నేనైతే నోట్‌ప్యాడ్ జోలికే పోను, లైనక్స్ మెషీన్‌లో నానో అనే ఎడిటర్‌తో తెరుస్తాను.

సీఎండీలైన్‌లోని రూట్ గుర్తు చివర్లో 02 ఉందా? 01 అంటే బూట్ పార్టిషన్, అక్కడ రూట్ దొరకదు. కార్డుని క్లోన్ చేశాక డిస్క్ గుర్తే మారిపోయి ఉంటే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో (ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో చెప్పేది) కూడా మార్చాలి. అది రెండో పార్టిషన్‌లో ఉంటుంది కాబట్టి విండోస్‌లో కనిపించదు.

పాత వీడియోలు చూసి, నడుస్తున్న బోర్డులో నేరుగా బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలు (బోర్డు సెట్టింగులుండేది) మార్చినవాళ్లకి ఒక మాట: 2023లో వచ్చిన బుక్‌వర్మ్ అనే సిస్టమ్ వెర్షన్ నుంచి అసలు ఫైలు బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది.

అన్నిటికీ అప్‌డేట్‌నే తిట్టకండి. భీమిలిలో మేడమీద వాతావరణ స్టేషన్ నడిపే ఆయన బోర్డు నెలల తరబడి రీబూట్ అవలేదు. అప్‌డేట్ రీబూట్ అడిగింది, బోర్డు లేవలేదు. చూస్తే కార్డు కాంటాక్టుల మీద పచ్చగా తుప్పు. మన సముద్రపు గాలికి ఇది మామూలే. బోర్డు మీది ఎర్ర లైటు ఆరిపోతూ ఉంటే మాత్రం కరెంటు చాలట్లేదని. వోల్టేజ్ సుమారు 4.63 వోల్టుల కంటే పడిపోతే బోర్డు అలా చెబుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఇంట్లో పడున్న పాత ఫోన్ ఛార్జర్ పనికిరాదు.

ఆకుపచ్చ లైటు విరామానికీ విరామానికీ మధ్య నాలుగుసార్లు మెరిస్తే బూట్ మొదలుపెట్టే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని.

అభ్యాసం. పై 4 బోర్డు, 64 బిట్ సిస్టమ్ ఉన్న పాత కార్డు తీసుకోండి. పనిలో ఉన్న కార్డు ముట్టుకోవద్దు. బూట్ పార్టిషన్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. నేను ప్రతి అప్‌డేట్ ముందూ చేసే పని ఇదే. తర్వాత కెర్నెల్8 ఫైలు పేరు మార్చి బూట్ చేసి మెరుపులు లెక్కపెట్టండి. దాన్ని సరిచేసి, సీఎండీలైన్‌లో రూట్ గుర్తు ముందు ఎంటర్ కొట్టి మళ్లీ బూట్ చేయండి. తెర మీద చివరి లైన్ ఏముందో మాటకి మాట రాసుకోండి. కొత్త ఇమేజ్ రాయకుండా రెండూ సరిచేయాలి. మెరుపుల ఫొటోలు పంపకండి, ఫొటోలో ఏమీ తెలియదు. అంకె రాయండి చాలు.