సస్కాచెవాన్‌కి కొత్తగా వచ్చారా? హెల్త్ కార్డు, టామీ డగ్లస్ కథ

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, అంటే రెజైనా, సాస్కటూన్ లాంటి ఊళ్లలో, కొత్తగా దిగినవాళ్లు మొదట అడిగేది ఇండియన్ స్టోర్ ఎక్కడ అని, తర్వాత హెల్త్ కార్డు సంగతి, అంటే డాక్టర్, హాస్పిటల్ ఖర్చు ప్రభుత్వమే కట్టేందుకు చూపించే కార్డు. స్టోర్ ఎటూ దొరుకుతుంది, కార్డుకి మాత్రం దిగిన వారంలోనే ఈహెల్త్‌లో (ఈ కార్డులిచ్చే ప్రభుత్వ సంస్థ) అప్లై చేసేయండి, ఇల్లు సర్దుకున్నాక చూద్దాంలే అనుకోవద్దు.

నా మొదటి చలికాలంలో పాపకి చెవిపోటొస్తే వాక్-ఇన్ క్లినిక్‌కి తీసుకెళ్లా, డాక్టర్ చూశాక కౌంటర్ దగ్గర పర్సు తీసి నిలబడితే అక్కడ కూర్చున్నావిడ నా పర్సు వంక చూసి, అయిపోయింది వెళ్లొచ్చు అంది. చుక్కల మందుకి మాత్రం ఫార్మసీలో కట్టాల్సొచ్చింది. మందులు, పళ్లు, కళ్లజోడు ఖర్చు ఎక్కువగా మనదే, ఆంబులెన్స్ ఎక్కితే బిల్లు ఇంటికే వస్తుంది, కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏముందో ముందే చూసుకోండి.

ఈ కార్డు వెనకున్న మనిషి టామీ డగ్లస్, 1944 నుంచి 1961 దాకా ఇక్కడ ప్రీమియర్. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాగా అన్నమాట, ప్రైమ్ మినిస్టర్ కాదు (నేను కలిపేసి ఆఫీసులో నవ్వులపాలయ్యా). ఆయనా వలసొచ్చినవాడే, 1904లో స్కాట్లాండ్‌లో పుట్టి చిన్నప్పుడు విన్నిపెగ్ వచ్చాడు. ఎముకకి ఇన్ఫెక్షన్ పట్టి కాలు తీసేయాలన్నారు, ఇంట్లో డబ్బుల్లేవు, చివరికి ఒక సర్జన్ తన స్టూడెంట్స్ చూసి నేర్చుకునేలా ఒప్పుకుంటే ఫ్రీగా ఆపరేషన్ చేసి కాలు నిలబెట్టాడు. డాక్టర్‌కి దయ కలిగితేనే కాలు దక్కడమేంటి అన్నది ఆయన జీవితాంతం మర్చిపోలేదు.

ఇక్కడి వేబర్న్ ఊళ్లో చర్చి పాస్టర్‌గా కరువు రోజులు చూసి, సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీలో చేరి, 1947లో మనిషికి ఏడాదికి 5 డాలర్లతో హాస్పిటల్ ఇన్సూరెన్స్ తెచ్చాడు. డాక్టర్ ఫీజులు కూడా ప్రభుత్వమే కట్టే మెడికేర్ 1962 జూలై 1న మొదలైతే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అప్పటికే డగ్లస్, సీసీఎఫ్ స్థానంలో వచ్చిన ఎన్‌డీపీ పార్టీకి మొదటి లీడరై దేశ రాజధాని ఒట్టావా రాజకీయాల వైపు వెళ్లాడు, ఆయన తర్వాత ప్రీమియర్ అయిన వుడ్రో లాయిడ్ మెడికేర్ విషయంలో వెనక్కి తగ్గకుండా నిలబడ్డాడు. తమాషా ఏంటంటే ఆ గొడవ వేడిలోనే, జూన్‌లో జరిగిన ఫెడరల్ (దేశ పార్లమెంటు) ఎన్నికలో డగ్లస్ రెజైనాలోనే ఓడిపోయాడు!

డ్రైవింగ్ లైసెన్స్ కోసం ఎస్‌జీఐకి (ఇక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ కంపెనీ) వెళ్తారు కదా, అదీ ఆయన హయాంలో 1945లో మొదలైందే. అన్నట్టు, అర్ధరాత్రి పిల్లలకి జ్వరమొచ్చి ఏం చేయాలో తోచకపోతే 811కి కాల్ చేయండి, నర్సు మాట్లాడుతుంది.